ఎక్స్‌రేలో జరీ పువ్వు

కొండరేవు (భద్రాచలం మీదుగా),
జూన్ రెండో ఆదివారం.

మామూకి సలాములు.

నేను బాగున్నాను. ఫోన్ చేస్తే తీయడం లేదని మామీ అలిగిందట. తీయక కాదు మామూ, ఈ ఊళ్ళో సిగ్నల్ దవాఖానా నీళ్ళ ట్యాంకు మీద మాత్రమే ఉంది, ట్యాంకు మీద కోతులున్నాయి. అందుకే ఉత్తరం. ఇది తెచ్చిచ్చే హాతీరాం ఖమ్మం బస్సు కండక్టరు. మీ దుకాణం ముందే బస్సు ఆగుతుంది కాబట్టి జవాబు కూడా అతని చేతికే ఇవ్వండి. మామీ బిర్యానీ డబ్బా పంపితే అతనికి విడిగా కొంచెం కట్టివ్వమనండి. లేకపోతే నా వాటా దారిలోనే తగ్గుతుంది.

ఎక్స్‌రే గది మొత్తం నా చేతికే వచ్చింది. మిషన్ కొత్తది, కంప్యూటర్ కొత్తది, మిగతావన్నీ దేవుడి దయ. మొదటి రోజు సీసం అప్రాన్ కోసం వెతికాను. చిన్నపిల్లలకు ఎక్స్‌రే తీసేటప్పుడు పట్టుకునే తల్లికి రేడియేషన్ తగలకుండా తొడిగే బరువైన కోటు అది. అటెండరు బాబూరావును అడిగితే "అవ్ మేడం, ఉన్నది, పైన ఉన్నది" అన్నాడు. పైనంటే నిజంగానే పైన. నాలుగు మడతలు వేసి నీళ్ళ ట్యాంకు మూత మీద పెట్టాడు.

"కోతులు మూత లేపి తానం చేస్తున్నయ్ మేడం. గింత బరువున్నది ఇంకేమున్నది మన దగ్గర?" అని నన్నే అడిగాడు.

దాన్ని మడిస్తే లోపలి సీసం పగులుతుంది. మిషన్ కింద పెట్టి చూస్తే మడతమడతకీ పగులే. ఇన్నాళ్ళూ ఈ దవాఖానాలో రేడియేషన్ నుంచి భద్రంగా ఉన్నవి ఆ నీళ్ళు మాత్రమే. కొత్త అప్రాన్ తెప్పించి గోడకు హ్యాంగర్ కొట్టించాను. బాబూరావు మూత మీద బండరాయి పెట్టాడు గానీ నా మీద కోపం పోలేదు.

అసలు బాధ ఆడవాళ్ళది. ఛాతీ ఎక్స్‌రే అంటే రవిక, గొలుసులు తీయాలి. కప్పుకోవడానికి ఇక్కడున్నది ఒక పాత దుప్పటి. కిటికీకి పరదా లేదు. కిటికీ అవతల మందుల లైను. సగం మంది వెనక్కి వెళ్ళిపోతున్నారు. మిగతావాళ్ళు బట్టలతోనే నిలబడతామంటారు. అలా తీస్తే హుక్కులు, పిన్నీసులు, తాయెత్తులు అన్నీ ఫోటోలో పడతాయి, మళ్ళీ తీయాలి, అనవసరంగా మళ్ళీ రేడియేషన్. నిన్న సారక్క అని ఒకామె వచ్చింది. వయసులో జామాయిల్ తోటల్లో కర్ర కొట్టిన మనిషి, ఒక్కతే ఉంటుంది, నెలన్నరగా దగ్గు. దుప్పటి చూసి "దగ్గుతోని సస్తగని సిగ్గుతోని సావ" అని గిర్రున తిరిగి వెళ్ళిపోయింది. ఆమెను ఎలాగైనా వెనక్కి తేవాలి మామూ. ఆ దగ్గు నాకు నచ్చలేదు.

నాకు గౌన్లు కావాలి. తెల్ల కాటన్, మోచేతుల దాకా చేతులు, పక్కన గుడ్డ తాళ్ళతో ముడి. హుక్కు వద్దు, బటన్ వద్దు, జిప్పు వద్దు. లోహం అన్నది ఏ రూపంలోనూ వద్దు. కుడతారా?

మీ ఫాయిజా

*

గుల్ టైలర్స్, ఖమ్మం,
జూన్ ఆఖరు.

బేటీ ఫాయిజాకు దువాలు.

కుడతారా అని అడుగుతావా? మీ మున్వర్ మామూను అడగాల్సిన మాటేనా అది? షేర్వానీలు కుట్టిన చేతులు. నాయకుల లాల్చీలు కుట్టిన చేతులు. గెలిచినవాళ్ళవీ ఓడినవాళ్ళవీ కూడా.

అయితే ఒక్క మాట. బటన్ లేకుండా, హుక్కు లేకుండా, కాలరు లేకుండా ఉంటే అది బట్ట కాదు, సంచి. సంచికి చేతులు పెట్టమంటున్నావు. సరే, నువ్వు అడిగావని పెట్టాను. మీ తాహెరా మామీ ఒకటి తొడుక్కుని అద్దం ముందు అటూ ఇటూ తిరిగి "దీన్ని వేసుకుని పెళ్ళికి కూడా పోవచ్చు, మీ చేతి నుంచి ఇన్నాళ్ళకు ఒక వదులైన బట్ట వచ్చింది" అంది. పొగిడిందో తిట్టిందో ఆలోచిస్తున్నాను.

లోహం సంగతి నాకు వదిలెయ్. కింద రాలిన సూదులు ఏరడానికి దుకాణంలో పెద్ద అయస్కాంతం ఉంది. ప్రతి గౌనునూ మెడ నుంచి అంచు దాకా దానితో తడిమాను. ఒక్కటీ అంటుకోలేదు. ఇంత పరీక్ష మీ దవాఖానాలో కూడా చేసి ఉండరు.

గుల్ టైలర్స్ గడప దాటే బట్టకు ఉండాల్సిన మర్యాద వీటికీ ఉంది. అంతకన్నా చెప్పను. మామీ తన పాత ఆకుపచ్చ పరదా కూడా మూటలో పెట్టింది, కిటికీకి కట్టు. బిర్యానీ హాతీరాంకు విడిగా కట్టాం. అయినా నీ డబ్బా మూత బిగుతుగా ఉందో లేదో చూసుకో.

మున్వర్ మామూ

*

కొండరేవు,
జూలై రెండో వారం.

నా బంగారు మామూకి,

మీ చేతులకు వెయ్యి సలాములు! నా గది ఇప్పుడు చూడాలి మీరు. కిటికీకి మామీ పరదా, మేకుకు వరసగా తెల్ల గౌన్లు. ఇంతకుముందు బాబూరావు వరండాలోనే "కడుపుతో ఉన్నోళ్ళు ఎవలన్న ఉన్నరా, చెయ్యెత్తుండ్రి!" అని అరిచేవాడు. ఒక పెళ్ళికాని పిల్ల ఏడ్చుకుంటూ వెళ్ళిపోయిందట. ఇప్పుడు తలుపు వేశాక ఒక్కొక్కరినీ చెవిలో నేనే అడుగుతున్నాను. అరవడానికి పనిలేక బాబూరావు కోతులను తిడుతున్నాడు.

ఒక గౌను పట్టుకుని సారక్క ఇంటికి వెళ్ళాను. గుడ్డను రెండు వేళ్ళ మధ్య నలిపి చూసింది. తిరగేసి కుట్టు చూసింది.

"ఎవలు కుట్టిండ్రు?"

"మా మామూ."

"మంచిగనే కుట్టిండు. గిది ఏసుకుంటె మనిషి లెక్కనే కనవడత."

మరునాడు పొద్దున్నే వచ్చి, గౌను వేసుకుని, మిషన్ ముందు ఫోటోగ్రాఫర్ ముందు నిలబడ్డట్టు నిలబడింది. ఫోటోలు పట్నంలో ఉండే డాక్టరు కంప్యూటర్లో చూసి రిపోర్టు పంపుతాడు. ఆ తర్వాత తండా నుంచి మోతీబాయి, ఇంకా ఇద్దరు ఆడవాళ్ళు ఛాతీ నొప్పి అంటూ వచ్చారు. మా సూపరింటెండెంటు కుమారస్వామి సార్ ఎక్స్‌రే గది ముందు ఆడవాళ్ళ లైను చూసి, ఇదేదో మందుల లైను తప్పుదారి పట్టిందనుకున్నారు.

ఫాయిజా

*

ఖమ్మం,
జూలై.

బేటీ,

నీ ఉత్తరం దుకాణంలో అందరికీ చదివి వినిపించాను. పక్క చెప్పుల దుకాణం అతను రెండుసార్లు విన్నాడు, రెండోసారి పారిపోతుంటే పట్టుకుని వినిపించాను. "దవాఖానా గౌన్లు కుట్టబడును" అని బోర్డు రాయించాను. ఇంతవరకు ఎవరూ రాలేదు. మంచిదే, ఖమ్మంలో అందరూ ఆరోగ్యంగా ఉన్నారనుకుంటాను.

సారక్క అన్న మాట మామీకి మూడుసార్లు చెప్పాను. మామీ నాలుగోసారి విననంది.

మున్వర్ మామూ

*

కొండరేవు,
జూలై ఆఖరు.

మామూ,

ఇవాళ సరదాగా రాయలేను.

రిపోర్టులు వచ్చాయి. సారక్కకు, మోతీబాయికి, మిగతా ఇద్దరికీ, మొత్తం నలుగురికీ ఒకటే మాట. ఎడమ ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ ఉంది, గడ్డ కావచ్చు, ఖమ్మం పంపి స్కానింగ్ చేయించాలి అని. నలుగురికీ అదే పక్కన, అదే ఎత్తులో. పెద్దగా చేసి చూస్తే అంచులు నాలుగు రెక్కల్లా ఉన్నాయి. ఇలాంటి రోగం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. మిషన్ శుభ్రం చేయించాను, ఖాళీగా తీసి చూశాను, ఏమీ లేదు. మగవాళ్ళ ఫోటోల్లోనూ లేదు.

ఊళ్ళో అప్పుడే పుకారు. ఆడవాళ్ళు ఆ గదిలోకి పోతే మిషన్ ఊపిరితిత్తికి మచ్చ పెడుతుందట. రెండు రోజులుగా ఒక్కరూ రాలేదు. మోతీబాయి చంటిపిల్లను ఎత్తుకుని వరండాలో కూర్చుని "నా బిడ్డె ఎవల దగ్గర పెరగాలె మేడం?" అంటుంటే నేను గదిలోకి పోయి తలుపు వేసుకున్నాను.

సారక్క ఏడవలేదు. పంపకాలు పెట్టింది. పెట్టలన్నీ చుట్టుపక్కల వాళ్ళకు పంచింది. కోడిపుంజును పదేళ్ళుగా మాట్లాడని తోడికోడలికి ఇచ్చి క్షమించేసింది. తన ఇంటి తాళం చెవి నాకు ఇవ్వబోయింది. "బిడ్డా, నువ్వు మంచిగ చూసినవు. నా రాత గట్లున్నది" అంది. నన్ను తిట్టినా బాగుండేది.

ఏం చేయాలో తోచక మీకు రాస్తున్నాను.

ఫాయిజా

*

ఖమ్మం,
అదే వారం.

ఫాయిజా,

హాతీరాం బస్సు ఆపుకుని నిలబడ్డాడు, డ్రైవరు హారన్ కొడుతున్నాడు, అందుకని తొందరగా రాస్తున్నాను.

నీ ఉత్తరంలో నాలుగు రెక్కల దగ్గర ఆగిపోయాను. అది రోగం కాదు. అది నేనే.

మా అబ్బా కాలం నుంచి మా దుకాణంలో కుట్టిన ప్రతి బట్టకూ లోపలి వైపు, ఎడమ ఛాతీ మీద, పట్టీ మడతలో చిన్న పువ్వు కుడతాం. అసలు వెండి జరీతో. బయటికి కనిపించదు. ఎందుకంటే అది చూపించుకోవడానికి కాదు, వేసుకున్నవాళ్ళకు దువా, చల్లగా ఉండాలన్న దీవెన. నీ గౌన్లకూ కుట్టాను. తెల్ల గుడ్డ మడతలో తెల్ల జరీ, నీకు కనబడలేదు. నువ్వు లోహం వద్దన్నావు, నేను అయస్కాంతం పెట్టి చూశాను, అంటలేదు, కాబట్టి లోహం కాదనుకున్నాను. వెండి అయస్కాంతానికి అంటదని ఇవాళ పక్కనున్న కంసాలి చెప్పాడు. చెప్పి నవ్వాడు.

చెప్పకుండా ఉంటే ఎలా ఉంటుందని ఒక్క నిమిషం అనుకున్నాను. మీ మామీ నా ముఖం చూసి "మీరు రాస్తారా, నేను బస్సెక్కనా?" అంది. రాశాను.

మున్వర్

*

కొండరేవు,
ఆగస్టు మొదటి వారం.

గుల్ టైలర్స్ యజమాని మున్వర్ గారికి,

మీ ఉత్తరం అందింది. ఖాళీ గౌనును మిషన్ కింద పెట్టి తీశాను. తెర మీద మీ పువ్వు చక్కగా పూసింది. రెక్కలు సమానంగా ఉన్నాయి. పనితనానికి వంక పెట్టలేను.

తప్పు మీ ఒక్కరిదే అనను. ఏ కొత్త బట్ట వచ్చినా ముందు మిషన్ కింద పెట్టి చూడాలి. ఆ సంగతి పెద్ద అక్షరాలతో నా గోడ మీద నేనే అంటించాను. మా మామూ కుట్టినవి కదా అని చూడలేదు.

కుమారస్వామి సార్‌కు చెప్పాను. ఆయన తల పట్టుకుని, "మిషన్ ఖరాబైంది, బాగు చేసినం అని చెప్పు. టైలర్ కథ ఎందుకమ్మా? పరువు పోతది. ఆ గౌన్లు మూట కట్టు, దుప్పటి చాలు మనకు" అన్నారు. వాళ్ళ ఒంటికి సంబంధించిన నిజం వాళ్ళకు చెప్పకుండా ఇంకోసారి మిషన్ ముందు నిలబెట్టలేనన్నాను. నలుగురి ఫోటోలూ సరిగా వచ్చాక గౌన్ల సంగతి చూద్దాం, అప్పటిదాకా మళ్ళీ ఫోటో తీయడానికి ఒక్క గౌను తప్ప మిగతావి మూటలోంచి తీయొద్దన్నారు.

ఇంటింటికీ వెళ్ళి చెప్పాను. పువ్వు విప్పిన గౌనుతో ముగ్గురికి మళ్ళీ తీశాను. ముగ్గురి ఊపిరితిత్తులూ శుభ్రంగా ఉన్నాయి. మోతీబాయి నా చేతులు పట్టుకుని ఎంత నవ్విందో, తర్వాత అంత తిట్టింది.

సారక్క మాత్రం రాదట. "వాళ్ళ ముగ్గురిది పువ్వే అయితే నాది గూడ పువ్వే. మల్ల ఫోటో ఎందుకు? ఒక ఫోటోకే కోళ్ళు పోయినయ్" అంది. కానీ ఆ ముగ్గురికీ దగ్గు లేదు, ఈమెకు ఉంది. ఆ పువ్వు ఉన్నచోట వెనక ఏముందో ఫోటోలో కనిపించదు. నాకు అది చూడాలి. నా మాట ఆమె ఇక వినదు.

ఆ చోటును కప్పినవారు మీరు. వచ్చి మీరే చెప్పండి.

ఫాయిజా

*

భద్రాచలం బస్టాండు,
ఆగస్టు, సాయంత్రం.

బేటీ,

వచ్చాను. కానీ నీ ముఖం చూసే ధైర్యం లేక దవాఖానాకు రాకుండానే తిరుగు బస్సు ఎక్కుతున్నాను. హాతీరాం ఇది రేపు నీకు ఇస్తాడు.

సారక్క ఇంటికి ఇస్త్రీ పైజామాలో వెళ్ళాను. నేనెవరో చెప్పగానే మొదలుపెట్టింది. మా వంశంలో నాకు తెలియని పెద్దలను కూడా తిట్టింది. నేను గడపలో తలవంచుకుని నిలబడ్డాను. అలిసిపోయి "చాయ్ తాగుతవా?" అంది.

చాయ్ తాగి, దుకాణంలో మిగిలి ఉంటే వెంట తెచ్చిన గౌను తీసి ఆమె ముందే పువ్వు విప్పాను. ఆమె వంగి చూసి, "ఎందుకు కుడతరు గిది?" అనడిగింది. దువా అని చెప్పాను.

"దువా అయితె నాకెందుకు చెప్పలే? నా ఒంటి మీద ఏమున్నదో నాకు తెల్వొద్దా?"

ఇంతకాలం ఈ మాట నన్ను ఎవరూ అడగలేదు ఫాయిజా.

తర్వాత బేరం పెట్టింది. ఫోటోకు వస్తుంది, అయితే తోడికోడలి దగ్గరున్న పుంజును తెచ్చిపెట్టాలి. చనిపోతానని ఇచ్చినదాన్ని మళ్ళీ తానే వెళ్ళి అడగలేనంటోంది, సిగ్గట. సరేనని నేను వెళ్ళాను. తోడికోడలు నడుం మీద చేతులు పెట్టి, "సస్తనని ఇచ్చింది, సావకుండ ఎట్ల అడుగుతది?" అంది. న్యాయమైన ప్రశ్నే. ఆమెకు రెండు రవికలు కుట్టిస్తానని మాట ఇచ్చాను. "పట్టుకోగలిగితె పట్టుకపో" అంది.

ఆ పుంజు సంగతి రాయను. నా పైజామా చూస్తే మీ మామీ రాస్తుంది. పట్టుకున్నాను. అది ముఖ్యం. సారక్క గురువారం వస్తుంది.

మున్వర్ మామూ

*

కొండరేవు,
ఆగస్టు, గురువారం.

మామూ,

సారక్క వచ్చింది. గౌను వేసుకునే ముందు లోపలా బయటా పది చోట్ల తడిమి చూసి, తర్వాతే వేసుకుంది.

మిషన్ ముందు నిలబెట్టి, "ఊపిరి గట్టిగా పీల్చి పట్టుకో" అన్నాను. పట్టుకుంది. నొక్కాను. తెర మీద ఫోటో వచ్చింది. చూస్తూ ఉండిపోయాను.

లోపలి నుంచి ఉక్కిరిబిక్కిరిగా గొంతు వచ్చింది. "ఇడువాల్నా వద్దా పిల్లా? ఇట్లనే పోవాల్నా?"

వదలమని చెప్పడం మరిచిపోయాను మామూ. ఎందుకంటే పువ్వు ఉన్నచోట, సరిగ్గా దాని కింద, పలచటి మబ్బులాంటి నీడ ఉంది. గడ్డ కాదు. మా దవాఖానా డాక్టరు చూసి కఫం పరీక్ష చేయించారు. టీబీ. మొదట్లోనే ఉంది, ఆరునెలలు మందులు మానకుండా మింగితే పోతుందన్నారు. ఇవాళే మొదలుపెట్టాం. సారక్కకు అంతా విడమరిచి చెప్పాను, పువ్వు ఆ నీడను కప్పిన సంగతితో సహా. "అయితె సావనన్నట్టేనా?" అని అడిగింది. మందులు మింగితే చావవన్నాను. "పుంజు నాదే ఇగ" అంది.

ఆమె వెళ్ళాక నేను ఏడ్చాను. భయంతో ఏడ్చాను. మూడు రిపోర్టులు బాగున్నాయి కదా అని నాలుగో దాన్ని వదిలేసి ఉంటే?

కుమారస్వామి సార్ వచ్చి ఆ ఫోటోను చూశారు. తర్వాత ఆయనే మూట విప్పి, నేను పువ్వులన్నీ విప్పేశాక గౌన్లు మేకుకు తగిలించారు. ఇక ముందు కొత్త బట్ట ఏది వచ్చినా మొదటి ఎక్స్‌రే బట్టకే. ఆ పని బాబూరావుకు అప్పగించాను. సొంత తుండుగుడ్డ కూడా పరీక్ష చేయించుకున్నాడు.

మీరు జవాబు రాయండి.

ఫాయిజా

*

కొండరేవు,
సెప్టెంబరు.

తమ్ముడు మున్వర్‌కు సారక్క చెప్పి రాయించేది.

రాసేది నీ మేనకోడలు, చెప్పేది నేను. నేను చెప్పింది చెప్పినట్టు రాయకపోతె మందు మింగనన్న. అందుకని రాస్తున్నది.

రెండు ఉత్తరాలు రాసినా జవాబు లేదని ఈ పిల్ల దిగులు పెట్టుకున్నది. నువ్వు దుకాణం మూసి ఇంట్ల కూసున్నవని, కత్తెర ముట్టుడు లేదని మీ ఇంటామె హాతీరాంతోని చెప్పి పంపింది. ఏంది గిది? రోగం నాకా నీకా?

విను. నీ పువ్వు నా రోగాన్ని కప్పింది. అది నిజం. నీ మనసు కోసమని కప్పలేదని చెప్ప. మందులు ఆలస్యమైనయ్, దానికి నువ్వు బాధపడాల్సిందే, పడు.

గని ఇంకో నిజం గూడ ఉన్నది. నువ్వు కుట్టిన అంగీ లేకుంటె నేను ఆ గది గడప తొక్కకపోతుంటి. దుప్పటి కట్టుకొని మందిల నిలబడకపోతుంటి. దగ్గుకుంట దగ్గుకుంట ఇంట్లనే సచ్చిపోతుంటి, పువ్వు కింద ఏమున్నదో ఎవలకు తెల్వకపోతుండె. నా సిగ్గును ఇన్నేండ్లల్ల పట్టించుకున్నది ఈ పిల్ల ఒకతి, నువ్వు ఒకనివి. గీ రెండు నిజాలు నీయే. ఒకటి ఉంచుకొని ఒకటి పారేస్త అంటె నడువది.

ఇప్పుడు దగ్గు తగ్గింది. ముద్ద దిగుతున్నది. నా తోడికోడలు గూడ ఫోటోకు వస్తనంటున్నది, మా వాడల ఇంకా మస్తు మంది వస్తనంటున్నరు. ఉన్న అంగీలు సాల్తలేవు. మా తోడికోడలు లావు మనిషి, ఆమె కొలత ఈ ఉత్తరంల దారం ముక్క పెట్టి పంపుతున్న. దానికి సరిపోను ఒకటి కుట్టు, మిగిలినయ్ మామూలు కొలత.

రేపు పొద్దుగాల దుకాణం తెరువు.

సారక్క